నిండుకున్న చోట

ముప్పై నాలుగు శాతం అని చూపిస్తూనే
చచ్చిపోయింది,
హెల్టెర్మా రేవుకి పదకొండు కిలోమీటర్ల అవతల
గడ్డకట్టిన సముద్రం మీద,
మంచు మందం కొలిచే పెట్టె.
హిల్లర్ ఒక చేత్తో స్లెడ్జి తాడు, ఇంకో చేత్తో గొడ్డలి పట్టుకుని
పాత పద్ధతిలో చిల్లులు పొడిచి చూసుకుంటూ
చీకటి పడ్డాక ద్వీపానికి చేరాడు.
మీసాలనిండా తెల్లటి పొడి.
"అబద్ధాలకోరు" అని దాన్ని బల్లమీద పడేశాడు.

మైము నాలుగు మరలూ విప్పింది.
"అబద్ధం ఆడలేదు.
కొత్తలో ఎవరో నేర్పిన లెక్క
ఇప్పటికీ వల్లిస్తోంది, అంతే."

బ్యాటరీకి నాలుగు చలికాలాల వయసు.
ఆ సంగతి పక్కనున్న చిప్పుకి ఎవరూ చెప్పలేదు.
వచ్చింది ఎంతో, పోయింది ఎంతో
రెప్ప వాల్చకుండా రాసుకునే గుమాస్తా అది.
గాదె కుంచించుకుపోయిందని మాత్రం ఎరగదు.

చెబితే నమ్మదు. దానంతటదే చూసుకోవాలి.

ముందు నిండా పట్టించాలి,
కరెంటు సన్నబడి, దారమై, తెగిపోయేదాకా.
ఆ తర్వాత రెండు గంటలు ముట్టుకోకూడదు,
దించిన పాలు మీగడ కట్టేదాకా కదపనట్టు.
వోల్టేజి నాలుగో దశాంశం దగ్గర ఇంకా వణుకుతుంటుంది.
ఆ వణుకు ఆగాలి.
అప్పుడు ఖాళీ చెయ్యాలి. మెల్లగా. ఐదు గంటలు.
ఒక రెసిస్టరుని వేడెక్కించడం తప్ప
ఎందుకూ కొరగాని ఖర్చు.
మైము దానిమీద తన తడి చేతితొడుగులు ఆరేసింది.

ఆపైన, అన్నిటికన్నా కష్టం,
ఖాళీగా ఉండనివ్వాలి.
ఇంకో ఐదు గంటలు.

మా భాషలో డబ్బాలో బియ్యం అయిపోతే
అయిపోయాయి అనం.
నిండుకున్నాయి అంటాం.
లేమి పేరు పైకి అంటే వచ్చి కూర్చుంటుందేమోనని
ఏ ముసలమ్మో కప్పిన కొంగు.
వంటింట్లో అది మర్యాద.
మంచుమీద, కింద ముప్పై అడుగుల నీళ్లుండగా,
ఆ మర్యాదే మనిషిని ముంచుతుంది.

తెల్లవారుజామున మూడింటికి
హిల్లర్ నీళ్లకని లేచి వచ్చాడు.
బల్లమీద ఎర్రదీపం
ఆగి ఆగి కొట్టుకుంటోంది.
చూడలేకపోయాడు.
ఛార్జరు తగిలించి, దీపం పచ్చబడ్డాక
వెళ్లి హాయిగా నిద్రపోయాడు.

పొద్దున మైము తెర చూసింది, అతన్ని చూసింది.
ఏమీ అనలేదు.
కాఫీ పోసింది, రెండు కప్పులు.
"మా ఇంట్లో పొయ్యి ఎప్పుడూ ఆరనివ్వం" అన్నాడతను
ఎవరూ అడక్కుండానే.
"తెలుసు" అంది. "మళ్లీ మొదటినుంచి."

రెండో రాత్రి అతను నిద్రపోలేదు.
చేతులు తొడల కింద పెట్టుకుని
బల్ల ఎదురుగా కూర్చున్నాడు.
దూరంగా సముద్రం పక్కకి ఒత్తిగిల్లినట్టు
మంచు ఒకసారి పెద్దగా మూలిగింది.
ఎర్రదీపం కొట్టుకుంది. కొట్టుకుంది.
అతను కదల్లేదు.

మూడోరోజు మధ్యాహ్నానికి, తిరిగి నింపాక,
ఐదువేల రెండొందలు అని ఉండే చోట
మూడువేల ఎనిమిదివందల అరవై రెండు.
"తగ్గించేశావేం?"
"నేనేం తగ్గించలేదు హిల్లర్.
ఉన్నదే అంత."

అతను ఆ అంకె వంక చాలాసేపు చూశాడు,
చేతికి తక్కువ చిల్లర వచ్చినవాడిలా.
పోయిందేమీ లేదు.
ఒక్క చుక్క పెరిగిందీ లేదు.

గురువారం మళ్లీ స్లెడ్జి లాగాడు.
ఏడో కిలోమీటరు దగ్గర యాభై రెండు అంది.
ఎదుటి ఒడ్డున పైన్ చెట్ల గీత కనిపిస్తూనే ఉంది,
ఇదివరకైతే వెళ్లేవాడే.
స్లెడ్జి తిప్పేశాడు.

రేవులో ట్రక్కు ఎక్కి
పెట్టెని ఒళ్లో పెట్టుకున్నాడు.
నాలుగు. మూడు.
పక్కనే ఛార్జరు తీగ.
చెయ్యి అటు వెళ్లింది, వెనక్కొచ్చింది.
రెండు.
కిటికీ అద్దంమీద అతని ఊపిరి గడ్డకడుతోంది.
ఒకటి.
సున్నా అని చెప్పి మరీ
ఆరిపోయింది.
హిల్లర్ దాని మూతమీద ఒకసారి తట్టి
ట్రక్కు స్టార్ట్ చేశాడు.